మీరడిగారు: కొట్టిన చేతికి శిక్ష సరే, కొట్టమన్న నోటికి?

ఇరాక్‌లో అమెరికా సైన్యం నడిపిన అబూ గ్రైబ్ జైల్లో చిత్రహింసలు పడ్డ ముగ్గురికి ఒక అమెరికా కంపెనీ 4 కోట్ల 20 లక్షల డాలర్లు కట్టాలని 2024 నవంబర్‌లో అమెరికాలోని వర్జీనియాలో ఒక జ్యూరీ తేల్చింది కదా, ఆ సంగతి ఈ పేజీలో రాసినప్పటి నుంచి ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు ఆగడం లేదు. హనుమకొండ, జమ్మికుంట, భూపాలపల్లి, వేములవాడ, ములుగు... అందుకే ఈసారి భూతగాదాలు, చెక్ బౌన్స్ కేసులు పక్కన పెట్టి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: సార్, నేను సుబేదారిలో లా చదువుతున్నాను. అబూ గ్రైబ్ ఫొటోల్లో కనిపించిన సైనికులకు జైలు శిక్ష పడిందని చదివాను. వాళ్ల పైన కెప్టెన్లు, కల్నల్‌లు, జనరల్‌లు, మంత్రులు ఉంటారు కదా, వాళ్లకేమైంది? సెమినార్‌లో ఇదే అడిగితే "పైవాళ్లకు తెలియదు" అన్నారు. నిజమేనా?
– ఒక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: చెల్లీ, తెలియదనడం నిజం కాదు. తెలియకపోయినా తప్పించుకోవడానికి వీల్లేదని చట్టం చెబుతోంది, ఆ సంగతి తర్వాత చెప్తాను. ముందు ఎవరికేం పడిందో చూడు.

ఖైదీలను హింసిస్తూ సైనికులే తీసుకున్న ఆ ఫొటోలు టీవీలో వచ్చింది 2004 ఏప్రిల్ 28న. కానీ సైన్యం చేతికి అవి ఆ జనవరిలోనే అందాయి. జో డార్బీ అనే మామూలు సైనికుడు, అదే జైల్లో పనిచేస్తున్నవాడు, తోటివాడి దగ్గర ఫొటోల సీడీ చూసి ఉండబట్టలేక దాన్ని సైనిక దర్యాప్తు విభాగానికి ఇచ్చాడు. మేజర్ జనరల్ టగూబా విచారణ చేసి నివేదిక రాశాడు. ఆ తర్వాత 11 మంది సైనికులకు శిక్షలు పడ్డాయి. చార్లెస్ గ్రేనర్‌కు పదేళ్లు, అందులో ఆరున్నరేళ్లు లోపల ఉండి 2011లో బయటికొచ్చాడు. ఖైదీ మెడకు తాడు కట్టి పట్టుకున్న ఫొటోలోని లిండీ ఇంగ్లండ్‌కు మూడేళ్లు. అందరూ కింది ర్యాంకుల వాళ్లే.

పైకి పోయేకొద్దీ ఏమైందంటే, జైళ్ల బాధ్యురాలైన బ్రిగేడియర్ జనరల్ కార్పిన్‌స్కీని కల్నల్‌గా దించారు. ఇంటెలిజెన్స్ బ్రిగేడ్ కల్నల్ పాపస్‌కు మందలింపు, 8,000 డాలర్ల జరిమానా. అబూ గ్రైబ్ విషయంలో కోర్టు మార్షల్ (సైనిక కోర్టు విచారణ) దాకా వెళ్లిన ఆఫీసర్ ఒకే ఒక్కడు, లెఫ్టినెంట్ కల్నల్ స్టీవెన్ జోర్డాన్. 2007లో హింస ఆరోపణలన్నింటి నుంచీ అతన్ని వదిలేశారు. దర్యాప్తు గురించి బయట మాట్లాడొద్దన్న ఆర్డర్ మీరాడన్న ఒక్క నేరం మిగిలింది, తర్వాత అదీ కొట్టేశారు.

నన్ను బాగా కలచివేసిన సంగతి ఇంకొకటి ఉంది. మనాదెల్ అల్ జమాదీ అనే మనిషి 2003 నవంబర్‌లో ఆ జైల్లో, సీఐఏ ప్రశ్నిస్తుండగా చనిపోయాడు. తలకు సంచి తొడిగి, చేతులు వెనక్కి విరిచి కిటికీ చువ్వలకు కట్టేశారు. శవాన్ని ఐస్‌లో పెట్టారు. ఆ శవం మీదికి వంగి బొటనవేళ్లు పైకెత్తి, నవ్వుతూ ఫొటో దిగినవాళ్లు ఇతర నేరాలతో కలిపి జైలుకు పోయారు. పోస్టుమార్టం అది హత్యేనని చెప్పింది, కానీ ఆ చావుకు మాత్రం ఎవరూ ఒక్క రోజు కూడా జైల్లో లేరు. ఒక నేవీ లెఫ్టినెంట్‌ను విచారించి నిర్దోషి అన్నారు, సీఐఏ వాళ్ల మీద కేసే పెట్టలేదు, 2012లో న్యాయశాఖ ఫైల్ మూసేసింది.

ఇక మంత్రి సంగతి. 2002 డిసెంబర్ 2న రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్, క్యూబాలో అమెరికా నడిపే గ్వాంటనామో జైలు ఖైదీల మీద వాడదగ్గ పద్ధతుల జాబితా మీద సంతకం పెట్టాడు. గంటల తరబడి నిలబెట్టడం, బట్టలూడదీయడం, కుక్కలతో భయపెట్టడం అందులో ఉన్నాయి. నిలబెట్టడం నాలుగు గంటలకు మించొద్దని ఉంటే, పక్కన తన చేత్తో "నేను రోజుకు 8 నుంచి 10 గంటలు నిలబడతాను, నాలుగు గంటలకే ఎందుకు ఆపాలి?" అని రాశాడు. ఆ కాగితం ఈరోజుకీ ఎవరైనా చదవొచ్చు. ఖైదీల మీద జరిగిన హింస ఏవో నలుగురు సైనికులు సొంతంగా చేసిన పని కాదని 2008లో అమెరికా సెనేట్ సాయుధ దళాల కమిటీయే తేల్చింది. అయినా కేసు లేదు.

ఇప్పుడు చట్టం. జపాన్ జనరల్ యమషిటాను 1946లో ఉరితీసింది అమెరికా సైనిక కమిషనే. ఆయన స్వయంగా ఎవరినీ చంపలేదు, చంపమన్న ఆర్డర్ కూడా కోర్టులో చూపలేదు. తన కింది సైన్యం ఫిలిప్పీన్స్‌లో చేస్తున్న ఘోరాలను అదుపు చేయలేదు, అదే నేరం అన్నారు. అమెరికా సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. ఆ కేసులో ఆయనకు సరైన విచారణ జరగలేదని ఇద్దరు జడ్జీలు గట్టిగా విభేదించారు, నాకూ వాళ్ల మాటే సబబనిపిస్తుంది. కానీ సూత్రం నిలబడింది. పై అధికారికి తెలిసినా, తెలుసుకోవాల్సి ఉండీ తెలుసుకోకపోయినా, ఆపకపోతే, శిక్షించకపోతే బాధ్యుడే. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు చట్టం 28వ అధికరణంలో కూడా ఇదే ఉంది. ఓడిపోయిన దేశం జనరల్‌కు వర్తించిన సూత్రం గెలిచిన దేశం జనరల్‌కు వచ్చేసరికి మందలింపు కాగితంగా మారిపోయింది. సెమినార్‌లో ఈసారి పైవాళ్లకు తెలియదన్నవాళ్లని యమషిటాకు ఏం తెలుసని ఉరితీశారో అడుగు.

వర్జీనియా తీర్పు కూడా ప్రభుత్వం మీద రాలేదు, గుర్తుంచుకో. ఖైదీలను ప్రశ్నించే ఇంటరాగేటర్లను కాంట్రాక్టు మీద పంపిన సీఏసీఐ అనే కంపెనీ మీద వచ్చింది. ఆ ముగ్గురిలో ఒకరు బడి ప్రిన్సిపాల్, ఒకరు జర్నలిస్టు, ఒకరు పండ్లు అమ్ముకునే మనిషి. 2008లో వేసిన కేసు, జ్యూరీ నోట మాట రావడానికి 16 ఏళ్లు పట్టింది.

ప్రశ్న: నేను 22 ఏళ్లు ఆర్మీలో చేసి హవల్దార్‌గా రిటైరైన. ఇంట్ల కూసొని నీతులు రాసుడు అల్కగనే ఉంటది సార్. పొద్దున కలిసి చాయ్ తాగినోడు మధ్యాహ్నం ముక్కలై పడి ఉంటే ఆ కోపం మీకు తెల్వదు. కార్గిల్‌ల కెప్టెన్ సౌరభ్ కాలియాను, ఆయన ఐదుగురు జవాన్లను ఏం జేసిన్రు? అప్పుడు జెనీవా ఏడ వోయింది?
– మాజీ సైనికుడు, జమ్మికుంట

జవాబు: హవల్దార్ సాబ్, మీ కోపం నాకు తెలుసని నేను అనను, అనకూడదు కూడా. 1999 జూన్‌లో పాకిస్తాన్ అప్పగించిన ఆ ఆరు శవాల పరిస్థితి తెలిసి దేశం మొత్తం ఏడ్చింది. కాలియాగారి నాన్న ఏళ్ల తరబడి న్యాయం కోసం తిరిగారు. ఆయన అడిగింది పగ కాదు, ఆ పని చేసినవాళ్లని యుద్ధ నేరస్తులుగా విచారించమని అడిగారు. అంటే యుద్ధ ఖైదీలను ఎలా చూడాలో చెప్పే జెనీవా ఒప్పందాన్ని అమలు చేయమనే అడిగారు. మనం మన చేతిలోని బందీని కొట్టిన రోజు ఆ తండ్రి కాగితానికి విలువ ఉండదు, నా బాధ అదీ.

"వాడు పాటించలేదు కాబట్టి నేనూ పాటించను" అనే దారి ఆ ఒప్పందంలో లేదు. మొదటి అధికరణంలోనే ఎలాంటి పరిస్థితుల్లోనైనా పాటించాలని రాశారు, యుద్ధ ఖైదీల మీద ప్రతీకారం కూడదని 13వ అధికరణంలో విడిగా మళ్లీ రాశారు. మీరు చెప్పే కోపం అది రాసినవాళ్లకు బాగా తెలుసు కాబట్టే రాశారు, 1949 అంటే రెండో ప్రపంచ యుద్ధం ముగిసి నాలుగేళ్లే. మన దేశం 1950లోనే దానికి ఒప్పుకుంది, 1960లో సొంత చట్టం చేసుకుంది. 1971లో సుమారు 93,000 మంది పాకిస్తానీలు మన చేతికి చిక్కితే వాళ్లకు తిండి పెట్టి, ఉత్తరాలు రాసుకోనిచ్చి, 1974 నాటికి వెనక్కి పంపాం. సాబ్, ఆ పని చేసింది కూడా మీలాంటి జవాన్లే. వాళ్ల దోస్తులు కూడా ఆ యుద్ధంలో పోయారు.

కోపంలో ఏం జరుగుతుందో చెప్పే కేసు ఒకటుంది. 2003 సెప్టెంబర్‌లో ఇరాక్‌లోని బస్రాలో బ్రిటిష్ సైనికులు ఒక హోటల్ మీద దాడి చేసి అక్కడి సిబ్బందిని పట్టుకుపోయారు. అంతకు ముందు నెలలోనే ఆ బెటాలియన్ కెప్టెన్ ఒకరు రోడ్డు పక్క బాంబుకు చనిపోయారు, వీళ్లకు అందులో చెయ్యి ఉందని అనుమానం. హోటల్ రిసెప్షన్‌లో కూర్చునే బహా మూసా, 26 ఏళ్లు, ఇద్దరు చిన్న కొడుకులు. భార్య అప్పటికే క్యాన్సర్‌తో పోయింది. తలకు సంచి తొడిగి, మోకాళ్లు వంచి గోడకు నిలబెట్టి, వంతులవారీగా తన్నారు. ఒక్కొక్కరిని తన్నినప్పుడు ఒక్కో రకంగా మూలుగుతారని దానికి "క్వయర్" (బృందగానం) అని పేరు పెట్టుకుని, వచ్చినవాళ్లకు వినిపించారు. సుమారు 36 గంటల్లో ఆయన చనిపోయాడు, ఒంటి మీద 93 గాయాలు. కార్పొరల్ పెయిన్‌కు ఏడాది జైలు. కల్నల్ నిర్దోషి. తలకు సంచి తొడగడం, అలా వంచి నిలబెట్టడం లాంటి ఐదు పద్ధతులను ఉత్తర ఐర్లండ్ అనుభవం తర్వాత 1972లోనే బ్రిటన్ నిషేధించింది, 2003 నాటికి ఆ నిషేధం సంగతే సైన్యంలో పోయిందని 2011లో విచారణ కమిషన్ రాసింది.

కెప్టెన్‌ను చంపినవాళ్ల గురించి బహా మూసా దగ్గర ఒక్క ముక్క కూడా దొరకలేదు.

ప్రశ్న: అమెరికా, బ్రిటన్ సంగతులు మనకెందుకు? మన దగ్గర ఆర్మీ కస్టడీలో మనిషి పోతే ఎవరిని అడగాలి? మానవ హక్కుల కమిషన్ ఉంది కదా?
– రిటైర్డ్ టీచర్, భూపాలపల్లి

జవాబు: సార్, ఎన్‌కౌంటర్ వార్తలు చదివీ చదివీ అలసిపోయిన జిల్లాలో ఉండి అడుగుతున్నారు కాబట్టి సూటిగానే చెప్తాను. పోలీసు కస్టడీలో పోతే కమిషన్ సొంతంగా విచారణ చేయగలదు. సైన్యం అయితే చేయలేదు. 1993 చట్టం 19వ సెక్షన్ ప్రకారం కేంద్రాన్ని ఒక రిపోర్టు అడగాలి, అది చూసి సిఫారసు చేయాలి, అంతే. సైనికుడి మీద ఫిర్యాదుకు జవాబు సైన్యం నుంచే తెప్పించుకోవాలన్న మాట.

కోర్టుకు పోదామంటే సాయుధ దళాల ప్రత్యేకాధికారాల చట్టం ఉన్నచోట కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. జమ్మూ కశ్మీర్ నుంచి 2001 తర్వాత అలాంటి అనుమతి కోరుతూ వచ్చినవి 50, అందులో 47 తిరస్కరించాం, మూడు పెండింగ్ అని 2018 జనవరిలో రక్షణ శాఖ రాజ్యసభకు చెప్పింది. ఒక్కటీ ఇవ్వలేదు. ఈ ఒక్క లెక్క చాలు, చట్టం ఎక్కడ ఆగిపోతోందో చెప్పడానికి.

అనుమతి గండం దాటినా ఆర్మీ చట్టం 125వ సెక్షన్ కింద ఈ కేసు మేమే కోర్టు మార్షల్‌లో చూసుకుంటామని కమాండింగ్ ఆఫీసర్ అనొచ్చు. 2000 మార్చిలో కశ్మీర్‌లోని పత్రిబల్‌లో ఐదుగురిని విదేశీ మిలిటెంట్లని చెప్పి చంపారు, అది బూటకమని సీబీఐ చార్జిషీటు వేసింది, మామూలు కోర్టా, కోర్టు మార్షలా తేల్చుకోమని 2012లో సుప్రీంకోర్టు సైన్యానికే వదిలింది. సైన్యం తీసుకుంది. 2014 జనవరిలో సాక్ష్యాలు లేవని విచారణ దాకా పోకుండానే మూసేసింది. కశ్మీర్‌లోనే మచిల్ బూటకపు ఎన్‌కౌంటర్ కేసులో సైన్యం తన వాళ్లకు తానే యావజ్జీవం వేసింది, అది మెచ్చుకోవాలి. అయితే 2017లో సాయుధ దళాల ట్రిబ్యునల్ ఆ శిక్షలను నిలిపేసి బెయిలిచ్చింది.

మణిపూర్ బూటకపు ఎన్‌కౌంటర్ల కేసులో 2016 జులైలో సుప్రీంకోర్టు అన్నది మీరు కాగితం మీద రాసిపెట్టుకోదగ్గది. కల్లోలిత ప్రాంతమైనా సరే, చనిపోయినవాడు మిలిటెంటే అయినా సరే, మితిమీరిన బలం వాడితే విచారణ తప్పదని, సైన్యానికి పూర్తి రక్షణ ఏదీ లేదని చెప్పింది. చిత్రహింసల నిషేధ ఒప్పందం మీద మనం 1997లో సంతకం పెట్టి ఇప్పటిదాకా ఆమోదించలేదు, 2010లో లోక్‌సభ పాస్ చేసిన బిల్లు రాజ్యసభలో ఆగి మురిగిపోయింది. చిత్రహింస అనే పేరుతో ప్రత్యేక నేరమే మన చట్టంలో లేదు. మీ ఎంపీ ఏ పార్టీ అయినా సరే, ఓటు అడగడానికి వచ్చినప్పుడు ఆ బిల్లు సంగతి అడగండి.

ప్రశ్న: మా బాబు కశ్మీర్‌ల జవాన్. నాకు చట్టాలు తెల్వయి. పెద్ద సారు కొట్టుమంటే వాడు కొట్టకుండ ఉంటడా? కొడితే రేపు ఎవలు జైలుకు పోతరు? నిద్ర పడ్తలేదు.
– ఒక తల్లి, వేములవాడ

జవాబు: అక్కా, మీ టెన్షన్‌లో న్యాయం ఉంది. అందుకే అబద్ధపు ధైర్యం చెప్పను. ఇంతవరకు ఎక్కడ చూసినా జైలుకు పోయింది కొట్టినవాడే. 2002 డిసెంబర్‌లో అఫ్గానిస్తాన్‌లోని అమెరికా సైనిక స్థావరం బగ్రామ్‌లో దిలావర్ అనే 22 ఏళ్ల టాక్సీ డ్రైవర్‌ను చేతులు పైకి కట్టేసి, కాళ్ల మీద తన్ని తన్ని చంపారు. అతను ఏ తప్పూ చేయలేదని ప్రశ్నించినవాళ్లలోనే చాలామంది నమ్మారు. కోర్టుకు పోయింది కింది సైనికులు. అక్కడ ఇంటరాగేషన్ నడిపిన అధికారి మీద కేసు లేదు, ఆ బృందాన్నే తర్వాత అబూ గ్రైబ్‌కు పంపారు.

బాబు ఫోన్ చేసినప్పుడు ఈ మాట చెప్పండి. ఆర్మీ చట్టం 41వ సెక్షన్ ప్రకారం మీరకూడనిది చట్టబద్ధమైన ఆర్డర్. బందీని కొట్టమనడం చట్టబద్ధమైన ఆర్డర్ కాదు. ఇంకొకటి, సైన్యమే తన జవాన్లకు చేయవలసినవి, చేయకూడనివి అని ఒక జాబితా ఇచ్చింది, దాన్ని తప్పక పాటించాలని 1997లో సుప్రీంకోర్టు చెప్పింది. పట్టుకున్న మనిషి పారిపోతుంటే తప్ప బలం వాడొద్దు, థర్డ్ డిగ్రీ వద్దు, అరెస్టు చేశాక సైన్యంవాళ్లు ఇంటరాగేట్ చేయొద్దు, వీలైనంత తొందరగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కు అప్పగించాలి. అందరూ తలా ఒక దెబ్బ వేస్తున్నప్పుడు కాదనడం ఎంత కష్టమో నాకు తెలుసు. జో డార్బీని కూడా సొంతూళ్లో ద్రోహి అన్నారు, ఇల్లు వదిలి వేరే చోటికి పోవాల్సి వచ్చింది. కానీ ఆ కేసులో రాత్రి హాయిగా పడుకునే తల్లి ఎవరైనా ఉంటే, డార్బీ తల్లే అయి ఉంటుంది.

ప్రశ్న: 1949లో మా నాన్నను, ఊళ్లో ఇంకొందరిని మిలిటరీ క్యాంపుకు తీసుకుపోయి కమ్యూనిస్టుల జాడ చెప్పమని కొట్టారు. ఆయన నడుం ఇక నిలబడలేదు. అమెరికా వాళ్ల గురించి రాస్తున్నారు, మా ఊరి గురించి ఎవరు రాస్తారు?
– 78 ఏళ్ల పాఠకుడు, ములుగు

జవాబు: పెద్దయ్యా, రాయాల్సిందే. మన జిల్లాలో రజాకార్లు చేసిన ఘోరాలకు పరకాలలో స్మారకం కట్టుకున్నాం, మంచి పని. 1948 సెప్టెంబర్ పోలీసు యాక్షన్ తర్వాత జరిగినదానికి మాత్రం మన దగ్గర గొంతు పెగలదు. మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి కింద సైనిక ప్రభుత్వం నడిచిన కాలం అది. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం, ఆ రోజుల్లో 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని, వాళ్లలో ముస్లింలే అత్యధికమని, కొన్నిచోట్ల సైనికులు కూడా పాలుపంచుకున్నారని రాసింది. ఆ నివేదిక దశాబ్దాల తరబడి జనం కంట పడలేదు.

ఆ తర్వాత వంతు రైతులది, అడవి పల్లెల్లోని ఆదివాసులది. సుందరయ్యగారి లెక్కలో 4,000 మంది చనిపోయారు, పది వేలకు పైగా మూడు నాలుగేళ్లు జైళ్లలో, నిర్బంధ శిబిరాల్లో మగ్గారు, కనీసం 50,000 మందిని పోలీసు, మిలిటరీ క్యాంపులకు ఈడ్చుకుపోయి వారాల తరబడి కొట్టారు. అది పోరాటం నడిపిన పార్టీ నాయకుడి లెక్క అని తెలిసే చెప్తున్నాను. ప్రభుత్వం అంతకంటే తక్కువ అని నిరూపించాలనుకుంటే క్యాంపుల రికార్డులు బయటపెట్టొచ్చు. మీ నాన్నగారు ఆ 50,000లో ఒకరు. దానికి ఏ అధికారినీ శిక్షించినట్టు నా కంట పడలేదు. అమెరికా గురించి రాసే హక్కు నాకు ఉండాలంటే ఇది కూడా రాయాలి, మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం.

ఇన్నేళ్ల తర్వాత కేసు నిలబడదు, కొట్టినవాళ్లూ లేరు, కొట్టమన్నవాళ్లూ లేరు. రికార్డు మాత్రం చేయొచ్చు. హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది, నిజాం కాలం నాటి కాగితాలున్నాయి. అక్కడికి మనవడినో మనవరాలినో తోడు తీసుకుని వెళ్లండి. నాన్నగారి పూర్తి పేరు, ఊరు, అప్పటి తాలూకా (ఇప్పటి మండలం పేరు చెబితే దొరకదు), క్యాంపు ఏ బడిలోనో ఏ గడిలోనో పెట్టారో రాసుకుని పోవాలి. ఈలోపు ఆయనతో పాటు తీసుకుపోయినవాళ్ల పేర్లు మీకు ఎన్ని గుర్తుంటే అన్ని, ఇంటిపేర్లతో సహా మీ గొంతుతోనే ఫోన్‌లో రికార్డు చేసి ఈ పేజీకి పంపండి. వాళ్ల కుటుంబాలు ఒప్పుకుంటే వరుసగా వేస్తాను.